కుక్క కణితికి విన్‌క్రిస్టిన్ ఇస్తున్నారు: బిళ్ళ గన్నేరు ఆకు రసం కూడా పట్టవచ్చా?

తీరవాసి (కాకినాడ):

సభ్యులందరికీ నమస్కారం. మేము పెంచుకుంటున్న నాలుగేళ్ళ ఆడ ఊరకుక్కకు కొన్ని వారాలుగా జననాంగం నుంచి రక్తం చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఎద రక్తమైతే ఇన్నాళ్ళు ఉండదన్న అనుమానంతో పశువైద్యశాలకు తీసుకువెళ్ళగా, లోపల కాలీఫ్లవర్ వంటి కణితి ఉందని గమనించి, దాని నుంచి తీసిన కణాలను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ఇది కుక్క నుంచి కుక్కకు అంటుకునే కేన్సర్ అని వైద్యులు చెప్పారు. వారానికి ఒకటి చొప్పున విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు రాశారు. మొదటిది ఇచ్చారు కూడా.

ఈ మందు మన పెరళ్ళలో పెరిగే బిళ్ళ గన్నేరు నుంచే వస్తుందని తెలిసినప్పటి నుంచి, ఆ ఆకు దంచి రసం పడితే ఇంజెక్షన్లతో పని లేదని మా వీధి పెద్దలు పట్టుబడుతున్నారు. ఇంజెక్షన్లు మాన్పించే ఉద్దేశం నాకు లేదు. అయితే వాటితో పాటు కొద్దిగా ఆకు రసం ఇస్తే మేలేమైనా ఉంటుందా, లేక హాని జరుగుతుందా? మొక్కలోనే మందు ఉన్నప్పుడు దానిని నోటి ద్వారా ఇస్తే ఎందుకు పనిచేయదు?

గోదావరి పశువైద్యుడు:

తీరవాసి గారూ, దయచేసి ఇవ్వకండి. మిగిలిన కారణాల కంటే ముందు చికిత్సకు సంబంధించినది చెబుతాను. విన్‌క్రిస్టిన్ ఇచ్చిన తరువాత కొన్ని కుక్కలకు వాంతులు, ఆకలి మందగించడం, మలబద్ధకం, తెల్ల రక్తకణాలు తగ్గడం వంటి ఇబ్బందులు వస్తాయి. వాటి తీవ్రతను బట్టే తరువాతి మోతాదును తగ్గించాలా, ఒక వారం ఆగాలా అన్నది నిర్ణయిస్తాం. మీరు మధ్యలో ఆకు రసం పట్టి, కుక్క వాంతి చేసుకుంటే, అది మందు వల్ల జరిగిందో రసం వల్ల జరిగిందో చూసే వైద్యునికి తెలిసే మార్గం ఉండదు. దానితో అవసరం లేకపోయినా చికిత్స వాయిదా పడవచ్చు. మా దగ్గరకు వచ్చేవారిలో పసరు పట్టిన సంగతి దాచిపెట్టేవారే ఎక్కువ, అది వేరే బాధ.

ఇక ఈ జబ్బు సంగతి. మామూలుగా కేన్సర్ ఒక జీవి సొంత కణాలలో పుట్టి ఆ జీవితోనే అంతమవుతుంది. ఈ కణితిలో మాత్రం బతికి ఉన్న కేన్సర్ కణాలే జత కట్టినప్పుడు, నాకినప్పుడు, వాసన చూసినప్పుడు మరో కుక్కకు అంటుకుని అక్కడ పెరుగుతాయి. అందుకే కొన్ని కుక్కలకు ఇది ముక్కులో కూడా కనిపిస్తుంది. కుక్క కణంలో 78 క్రోమోజోములు ఉండగా ఈ కణితి కణాలలో సాధారణంగా 60కి అటూ ఇటూగా ఉంటాయి. అంటే మీ కుక్క ఒంట్లో ఉన్న కణితి మీ కుక్కది కాదు. 4,000 నుంచి 8,500 సంవత్సరాల క్రితం ఆసియాలోని ఏదో ఒక కుక్కలో పుట్టిన కణాల సంతతే నేటికీ ప్రపంచమంతా తిరుగుతోందని 2019లో వెలువడిన జన్యు అధ్యయనం తేల్చింది. మనుషులకు ఇది అంటదు.

ఇంత విచిత్రమైన కేన్సర్ అయినా విన్‌క్రిస్టిన్‌కు చక్కగా లొంగుతుంది. సాధారణంగా 4 నుంచి 8 వారాల ఇంజెక్షన్లతో పదింట తొమ్మిది కుక్కలకు కణితి పూర్తిగా కరిగిపోతుంది. ఇంత నమ్మకమైన చికిత్స చేతిలో ఉండగా ప్రయోగాలు ఎందుకు? రెండు మూడు ఇంజెక్షన్లకే రక్తం ఆగిపోతే, నయమైందనుకుని రావడం మానేయకండి. కణితి ఆనవాళ్ళు పూర్తిగా పోయాయని వైద్యులు నిర్ధారించేవరకు కొనసాగించాలి. ప్రతిసారీ ఇంజెక్షన్‌కు ముందు రక్తపరీక్ష చేయించండి. మందు సిరలోకే ఎక్కాలి, చుక్క బయట పడినా అక్కడి కండ కుళ్ళిపోతుంది కనుక సూది వేసేటప్పుడు కుక్క కదలకుండా గట్టిగా పట్టుకోండి.

ఔషధ రసాయనం:

నోటి ద్వారా ఇస్తే ఎందుకు పనిచేయదన్న ప్రశ్నకు సమాధానం ఈ మందు పుట్టుకలోనే ఉంది. 1952లో జమైకా నుంచి కెనడాకు బిళ్ళ గన్నేరు ఆకులు చేరాయి. అక్కడివారు ఆ ఆకు కషాయాన్ని మధుమేహానికి తాగేవారు. పశ్చిమ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్ ఆ సారాన్ని జంతువులకు నోటి ద్వారా ఇచ్చి చూస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు, చెప్పుకోదగిన మార్పేదీ కనిపించలేదు. అదే సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చినప్పుడు మాత్రం ఎలుకలు కొద్ది రోజులకే సూక్ష్మజీవుల ఇన్ఫెక్షన్లతో చనిపోయాయి. పరీక్షించగా వాటి తెల్ల రక్తకణాలు పడిపోయి, ఎముక మజ్జ దెబ్బతిని ఉంది. తెల్ల కణాలను ఇంతగా అణచే పదార్థం రక్త కేన్సర్‌పై పనిచేయవచ్చన్న ఆలోచనతో, చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి ఆయన అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్‌ను పోలిన విన్‌బ్లాస్టిన్ అనే మందును వేరుచేసి 1958లో ప్రకటించారు. అదే కాలంలో ఎలై లిల్లీ అనే అమెరికా మందుల సంస్థలో కూడా ఈ మొక్కపై పరిశోధన సాగింది. అక్కడ గోర్డన్ స్వోబొడా బృందం వెలికితీసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి లభించింది. అంటే మీ వీధి పెద్దలు చేయమంటున్న ప్రయోగాన్ని 70 ఏళ్ళ క్రితమే చేసి, ఫలితం లేదని చూశారు.

ఇక పరిమాణం సంగతి చూడండి. ఒక గ్రాము విన్‌క్రిస్టిన్ తీయడానికి దాదాపు 2,000 కిలోల ఎండు ఆకు కావాలని అంచనా. 15 కిలోల కుక్కకు ఒక వారం మోతాదు అర మిల్లీగ్రాముకు లోపే అయినా, ఆ కాస్త మందుకే ముప్పాతిక కిలో ఎండు ఆకు అవసరం. అంత పట్టించినా విన్‌క్రిస్టిన్ పేగుల నుంచి రక్తంలోకి సరిగా చేరదు. రసంలో మందు ఇంత తక్కువ కనుక హాని కూడా ఉండదని మాత్రం అనుకోవద్దు. ఈ మొక్కలో 130కి పైగా ఆల్కలాయిడ్లు (ఒంటిపై గట్టిగా పనిచేయగల మొక్కల రసాయనాలు) ఉన్నాయి. వాటిలో కొన్ని రక్తపోటు మీద కూడా పనిచేస్తాయి. ఏ ఆకులో ఏది ఎంత ఉందో కొలిచే సాధనం ఇంట్లో ఉండదు.

విన్‌క్రిస్టిన్ పనిచేసే తీరు కూడా ఇష్టానుసారం వాడదగినది కాదు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో వైపుకు లాగే అతి సన్నని నాళికలు ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో ఏర్పడతాయి. విన్‌క్రిస్టిన్ ఆ ప్రోటీన్‌ను పట్టుకుని నాళికలను కట్టుకోనివ్వదు, కణవిభజన మధ్యలోనే ఆగిపోతుంది. అయితే నరాలలో పదార్థాల రవాణాకు కూడా అవే నాళికలు ఆధారం. మనుషులలో ఈ మందు వల్ల వేళ్ళకు తిమ్మిర్లు పట్టడానికి కారణం అదే.

మూలికాప్రియ:

పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే ఒక అభ్యంతరం. సంప్రదాయంలో ఆ ఆకు వాడకం లేకపోతే కెనడా శాస్త్రవేత్త దానిని చేతిలోకి తీసుకునేవారే కాదు కదా? లక్ష్మణ ఫలం ఆకు కూడా కేన్సర్ కణాలను చంపుతుందని ప్రయోగశాలలలో రుజువైందని చదివాను. వీటన్నిటినీ ఒక్క మాటతో తోసిపుచ్చడం సరికాదనిపిస్తుంది.

ఔషధ రసాయనం:

తోసిపుచ్చడం లేదండీ, సంప్రదాయం దారి చూపిందన్న మాట ఒప్పుకుంటాను. కాకపోతే అది చూపిన దారి మధుమేహం వైపు. కేన్సర్ మందు దొరికింది ఎలుకలు ఎందుకు చనిపోయాయని ఆరా తీసినందువల్ల. గాజు పళ్ళెంలోని కణాలపై నేరుగా మందు పోస్తే చనిపోవడం మొదటి మెట్టు మాత్రమే, అక్కడ చంపే పదార్థాలు వేలల్లో ఉంటాయి. లక్ష్మణ ఫలం విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ పండును, ఆకు కషాయాన్ని ఎక్కువగా తీసుకునేవారిలో పార్కిన్సన్‌ను పోలిన నరాల జబ్బు అధికంగా కనిపించిందని 1999లో వైద్యులు నివేదించారు. ఆ మొక్కలోని అనోనాసిన్ నరకణాలను దెబ్బతీస్తుందని తరువాతి పరిశోధనలు చూపాయి.

విషయం నుంచి కొద్దిగా పక్కకు వెళ్ళినా ఒక సంగతి చెప్పాలి. 1960ల తొలినాళ్ళలో పిల్లల రక్త కేన్సర్‌కు అమెరికాలో నాలుగు మందులు కలిపి ఇచ్చిన చికిత్సలో ఒకటి ఈ విన్‌క్రిస్టిన్ కాగా, మరొకటి మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మెథోట్రెక్సేట్. మొదటిది మొక్కది, రెండవది రసాయనశాలది. మోతాదు తెలిసి ఇచ్చినందువల్లే రెండూ మందులయ్యాయి.

తీరవాసి (కాకినాడ):

అందరికీ కృతజ్ఞతలు. రసం ఆలోచన విరమించుకున్నాం. చివరిగా ఒక సందేహం: ఇంట్లో మా కోడలు గర్భవతి. కుక్క మలమూత్రాల వల్ల ఆమెకు ఇబ్బంది ఉంటుందా?

గోదావరి పశువైద్యుడు:

మంచి ప్రశ్న అడిగారు. మందు ఎక్కువగా మలం ద్వారా, కొంత మూత్రం ద్వారా బయటకు పోతుంది. కనుక ప్రతి ఇంజెక్షన్ తరువాత కొన్ని రోజుల పాటు వాటిని శుభ్రం చేసే పని ఆమెకు అప్పగించకండి, పిల్లలను కూడా దూరంగా ఉంచండి. చేసేవారు రబ్బరు తొడుగులు వేసుకుని, ఆ చోటును నీళ్ళతో బాగా కడిగి, తరువాత సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. ఇంట్లో గర్భిణి ఉన్న సంగతి మీ వైద్యులకు కూడా చెప్పండి. కణితి పూర్తిగా తగ్గేవరకు కుక్కను వీధిలోకి వదలకండి, తగ్గిన తరువాత పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించండి. జత కట్టే అవకాశం లేకపోతే ఇది మళ్ళీ అంటుకునే ప్రమాదం బాగా తగ్గుతుంది.