దవడ సర్జరీకి ముందు సీబీసీటీ ఎందుకు?

గాజువాక నుంచి: మా అన్నయ్యకి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), ఏహెచ్ఐ, అంటే గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో ఆ లెక్క, 40 దాటింది (30 దాటితేనే తీవ్రం అంటారు). గాలి ఒత్తిడితో దారి తెరిచి ఉంచే సీప్యాప్ మెషిన్ మాస్క్ పడట్లేదు, అర్ధరాత్రి పీకి పక్కన పడేస్తున్నాడు. రెండు దవడలూ ముందుకు జరిపే సర్జరీ అంటున్నారు, ముందు సీబీసీటీ (దవడల త్రీడీ ఎక్స్‌రే స్కాన్) తీయించమన్నారు. మామూలు ఎక్స్‌రే సరిపోదా? వదినకి ఒకటే టెన్షన్.

మద్దిలపాలెం నుంచి: సరిపోదండి. పక్క నుంచి తీసే ఎక్స్‌రేలో నాలుక వెనక గాలి దారి అడ్డంగా ఎంత వెడల్పుందో కనపడదు. స్కాన్‌లో అదీ కనపడుతుంది, కింది దవడ ఎముకలో నరం వెళ్ళే కాలువ కూడా కనపడుతుంది, కోత పడేది దాని పక్కనే, ఆ నరం దెబ్బతింటే కింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కి ఉండిపోవచ్చు. తర్వాత కంప్యూటర్‌లో దవడల్ని కోసి, సుమారు 10 మిల్లీమీటర్లు ముందుకు జరిపి, పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూసి, ఆ కొలతకి స్ప్లింట్ అనే పళ్ళ అచ్చు త్రీడీ ప్రింట్ చేస్తారు. ఆపరేషన్‌లో దాన్ని పళ్ళ మధ్య పెట్టి, ఎముకని ప్లేట్లతో బిగిస్తారు.

ఎంవీపీ కాలనీ నుంచి: ఒక్క మాట తమ్ముడూ. ఆ స్కాన్ మెలకువలో, చాలాచోట్ల కూర్చోబెట్టో నిలబెట్టో తీస్తారు. నిద్రలో వెల్లకిలా పడుకుంటే కండరాలు వదులై దారి మారిపోతుంది. కాబట్టి మత్తిచ్చి, సన్న కెమెరాతో గాలి దారి చూసే స్లీప్ ఎండోస్కోపీ అవసరమా అని డాక్టర్‌ని తప్పకుండా అడగండి.

గాజువాక నుంచి: చాలా థాంక్సండి. ఫిల్మ్ తీసుకెళ్తే చాలా?

మద్దిలపాలెం నుంచి: చాలదు, డైకామ్ ఫైళ్ళు (స్కాన్ అసలు డిజిటల్ డేటా) అడిగి తీసుకోండి. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌కి కావలసింది అవే.