180 ఫ్లాట్లకు మెయిల్ గ్రూపా, ఫోరమా?

ప్రశ్న: వాట్సాప్‌లో నీళ్ల ట్యాంకర్ కబురు కూడా గుడ్ మార్నింగ్‌ల కింద పడిపోతోంది. గూగుల్ గ్రూప్ (ఒక్క అడ్రస్‌కి రాస్తే అందరికీ మెయిల్ వెళ్లేది) పెడదామా, ఫోరమా (అంశాలవారీగా చర్చలుండే వెబ్‌సైట్)?

జవాబు 1: గూగుల్ గ్రూపే. ఫోరమ్‌ని వెతుక్కుంటూ ఎవరూ రారండీ, మెయిల్ వాళ్ల దగ్గరికే వెళ్తుంది. పోస్ట్ చేసే హక్కు కమిటీకే ఉంచండి. జవాబులు ఆ మెయిల్ రాసినవాళ్లకే చేరేలా సెట్ చేయండి, లేకపోతే కమిటీవాళ్ల "ఓకే సర్" కూడా 180 ఇళ్లకూ వెళ్తుంది.

జవాబు 2: మెయింటెనెన్స్ పెంపు లాంటి సాగే చర్చలకు మెయిల్ పనికిరాదు. సబ్జెక్ట్ మార్చారంటే జీమెయిల్ ఆ మెయిళ్ల గొలుసును తెంపేస్తుంది. వాటికి ఫోరమే మేలు. కొత్తగా ఫ్లాటు కొన్నవాళ్లు కూడా పాత తీర్మానం చూసుకోవచ్చు.

జవాబు 3: ట్యాంకర్‌కి రెండూ వద్దు. వాట్సాప్‌లోనే అడ్మిన్లు మాత్రమే రాసే ఇంకో గ్రూపు చాలు. ఓనరు అమెరికాలో ఉంటే అద్దెకున్నవాళ్ల నంబరు చేర్చండి, నీళ్లు పట్టుకునేది వాళ్లే కదా!