అంబాసిడర్ 1489 పెట్రోల్ ఇంజిన్: ఘాట్‌లో వేడెక్కుతోంది, మిస్సింగ్ కూడా ఉంది. హెడ్ విప్పాలా?

మర్రిపాలెం నుంచి:
మాస్టార్లూ, బండి అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలు. టౌన్లో బానే ఉంటుంది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, పికప్ ఉండట్లేదు. ఐడిలింగ్‌లో ఒక సిలిండర్ కొట్టనట్టు వణుకు. రేడియేటర్ విప్పి శుభ్రం చేయించాం, తేడా లేదు. టాపెట్ (వాల్వును తెరిచే మీట) శబ్దం మాత్రం అస్సలు లేదు, ఇంజిన్ మెత్తగా ఉంది. మేస్త్రి హెడ్ (ఇంజిన్ పై భాగం) విప్పేద్దాం, పనిలో పని పిస్టన్ రింగులూ మార్చేద్దాం అంటున్నాడు. సరేననమంటారా?

ఆటోనగర్ నుంచి:
ఆగు తమ్ముడూ, కొలవకుండా విప్పించకు. టాపెట్ శబ్దం అస్సలు లేదన్నావు చూడు, నాకు అనుమానం అక్కడే.

ఇది బీఎంసీ బీ సిరీస్ ఇంజిన్. బోర్ 73.025 మి.మీ., స్ట్రోక్ 88.9 మి.మీ. బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. వాల్వ్ సీట్లు, అంటే వాల్వ్ మూసుకుని కూర్చునే అంచులు, విడిగా ఉండవు, హెడ్‌లోనే కోసి ఉంటాయి. సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో ఆ సీసం పొరే సీటుకు రక్ష. 2000 నుంచి మన దేశంలో ఆ పెట్రోలు లేదు. ఘాట్‌లో లోడు మీద గంటసేపు లాగితే ఎగ్జాస్ట్ సీటు కొద్దికొద్దిగా అరిగి, వాల్వ్ పైకి జరుగుతుంది. జరిగిన కొద్దీ మీటకూ వాల్వుకూ మధ్య ఉండే టాపెట్ గ్యాప్ మూసుకుపోతుంది. అందుకే శబ్దం పోతుంది. గ్యాప్ లేకపోతే వేడి మీద వాల్వ్ పూర్తిగా కూర్చోదు, మంట ఆ సందులోంచి తన్నుకొచ్చి వాల్వ్ అంచును కాల్చేస్తుంది.

ముందు గ్యాపులు చూడు. ఇంజిన్ చల్లగా ఉండాలి, గ్యాప్ 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.38 మి.మీ. రేడియేటర్ వైపు నుంచి వాల్వులకు 1 నుంచి 8 అంకెలు వేసుకో. 1, 4, 5, 8 ఎగ్జాస్ట్. 2, 3, 6, 7 ఇన్‌లెట్. 8వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1 చూడాలి, 7 తెరుచుకుంటే 2, 6 తెరుచుకుంటే 3, ఇలా రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిది రావాలి. ప్లగ్గులు తీసేస్తే ఇంజిన్ చేత్తో సులువుగా తిరుగుతుంది. ముందు గ్యాప్ ఎంతుందో రాసుకో, తర్వాతే సెట్ చెయ్యి.

ఆ తర్వాత కంప్రెషన్. ఇంజిన్ వేడి చేసి, నాలుగు ప్లగ్గులూ తీసి, కాయిల్ వైరు ఊడదీసి, యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టించు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక టీస్పూన్ ఇంజిన్ ఆయిల్ వేసి మళ్ళీ చూడు. అప్పుడు పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వ్ లేదా గాస్కెట్ (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే పొర). పక్కపక్కన ఉన్న 2, 3 సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే గాస్కెట్ అక్కడ కాలిందన్నమాట. ఈ ఇంజిన్లో ఆ రెంటి ఎగ్జాస్టూ ఒకే దారిలో పోతుంది, హెడ్‌లో వేడంతా అక్కడే.

లాసన్స్ బే నుంచి:
మాస్టారు చెప్పింది చేస్తూనే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) కూడా ఒకసారి విప్పండి. సముద్రం గాలికి పాయింట్ల ప్లేటు కింద ఉండే గవర్నర్ బరువులు తుప్పు పట్టి పట్టేస్తాయి. అప్పుడు స్పీడు పెరిగినా స్పార్క్ టైమింగ్ ముందుకు జరగదు, రేడియేటర్ ఎంత బాగున్నా ఇంజిన్ మరుగుతుంది. పరీక్ష సులువే: రోటర్‌ను అది తిరిగే వైపుకు, అంటే గడియారానికి ఎదురు దిశలో, కొంచెం తిప్పి వదలండి. స్ప్రింగ్ లాగినట్టు టక్కున వెనక్కి రావాలి. రాకపోతే శుభ్రం చేసి రెండు చుక్కలు ఆయిల్ వెయ్యండి. పాయింట్ గ్యాప్ 14 నుంచి 16 థౌ, ప్లగ్ గ్యాప్ 25 థౌ. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2.

పెట్రోల్లో ఇథనాల్ పెరిగింది కనుక కార్బురేటర్‌లోని పాత జెట్‌తో మిశ్రమం పలచబడుతుంది, అదీ వేడే. పాత రబ్బరు పైపులు ఉబ్బి పగుళ్ళిస్తాయి, ఇథనాల్‌కు తట్టుకునే పైపులు వేయించండి. పెట్రోల్ పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు సంపులోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దిగుతుంది. డిప్‌స్టిక్‌లో ఆయిల్ మట్టం పెరిగి, పెట్రోలు వాసన వస్తే బండి నడపొద్దు, ఆయిల్ పలచబడి బేరింగులు పోతాయి.

మర్రిపాలెం నుంచి:
చూశాను మాస్టారూ. 4వ వాల్వ్‌కు ఫీలర్ గేజ్‌లో (గ్యాప్ కొలిచే ఆకులు) సన్న ఆకు కూడా దూరలేదు, మిగతావి 10 నుంచి 14 థౌ. కంప్రెషన్ వరుసగా 120, 80, 118, 120 పీఎస్ఐ. రెండోదాంట్లో ఆయిల్ వేస్తే 84, అంతే. అన్ని గ్యాపులూ 15 చేశాక రెండోది 86. రోటర్ బాగానే వెనక్కి వస్తోంది. ఆయిల్ మూత కింద తెల్లగా నురుగుంది, గాస్కెట్ కూడా పోయిందంటారా?

ఆటోనగర్ నుంచి:
4వ వాల్వ్ రెండో సిలిండర్ ఎగ్జాస్టు. గ్యాప్ ఇచ్చినా కంప్రెషన్ రాలేదంటే అంచు కాలిపోయింది. ఇక హెడ్ దించాల్సిందే. రింగులు మాత్రం వద్దను, ఆయిల్ పరీక్ష వాటి తప్పు లేదని చెప్పేసింది. మూత కింద నురుగొక్కదాన్నీ చూసి గాస్కెట్ అనుకోకు, మన ఉక్కలో చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే బండికి అది వస్తుంది. ఫ్యాన్ బెల్ట్ తీసి, రేడియేటర్ నిండా నీళ్ళు పోసి, స్టార్ట్ చేసి అర నిమిషం రేస్ చెయ్యి. ఆగకుండా బుడగలొస్తే అప్పుడు గాస్కెట్.

దించేటప్పుడు ఒక సంగతి మరిచిపోకు. రాకర్ షాఫ్ట్‌ను పట్టే నట్లలో నాలుగు హెడ్‌కీ నట్లే. వాటిని మాత్రమే వదులు చేస్తే హెడ్ వంకర తిరుగుతుంది, నీళ్ళు సిలిండర్లోకి దిగుతాయి. ముందు రేడియేటర్, బ్లాక్ నీళ్ళు తీసెయ్యాలి. బ్లాక్ ట్యాపులోంచి నీరు రాకపోతే సన్న తీగతో కెలుకు. బోరు నీళ్ళు పోసిన బండైతే వెనక నాలుగో సిలిండర్ దగ్గర మడ్డి పేరుకుని ఉంటుంది, రేడియేటర్ ఎంత కడిగినా అది కదలదు. మళ్ళీ నింపేటప్పుడు డిస్టిల్డ్ వాటరూ కూలెంటే.

మెషిన్ షాపులో నాలుగు ఎగ్జాస్టులకూ గట్టి సీటు రింగులు వేయించు, కాలిన వాల్వ్ కొత్తది. ఒక్కదానికే వేయిస్తే మిగతా మూడూ అదే దారి పడతాయి. వాల్వ్ గైడులు కదులుతున్నాయేమో, హెడ్ తలం వంకరుందేమో స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూడమను. బిగించేటప్పుడు టార్క్ రెంచ్‌తో మధ్య నుంచి చివరలకు మూడు విడతలుగా బిగించాలి. ఇంజిన్ వేడి చేసి, చల్లారాక ఇంకోసారి. హెడ్ బిగింపు మారితే గ్యాపూ మారుతుంది కనుక ఆ తర్వాతే టాపెట్లు.

ఆయిల్ 20డబ్ల్యూ-50 మినరల్. వేడి మీద నడుస్తున్నప్పుడు ప్రెషర్ 50 పీఎస్ఐ, ఐడిలింగ్‌లో 15 ఉంటే చాలు. వెనక బెల్ హౌసింగ్ కింద చుక్క పడుతుందని ఇంజిన్ దింపించొద్దు. ఈ ఇంజిన్ వెనక మెయిన్ బేరింగుకు రబ్బరు సీల్ లేదు, మర గాడి మాత్రమే. బ్రీదర్ పైపు మూసుకోకుండా చూసుకుంటే చుక్కలు తగ్గుతాయి.

ఐదొందల కిలోమీటర్లు తిరిగాక గ్యాపులు మళ్ళీ కొలిచి ఇక్కడ పెట్టు, 4వది ముఖ్యంగా.