అప్‌డేట్: ప్రార్థన కూడికలో అందరూ పాలుపంచుకోవాలంటే?

ఉప్పల్‌లో మా ఇంట్లో జరిగే శుక్రవారం కూడికలో పాట, ప్రార్థన, వాక్యం అన్నీ పాస్టరు గారే చూసుకుంటున్నారు, మిగిలినవాళ్లం "ఆమేన్" అనడానికే పరిమితమయ్యాం, ఏం చేయాలి అని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ వందనాలు.

ముందు ఆయనతోనే మాట్లాడమన్న సలహా పనిచేసింది. బైబిల్లో మొదటి కొరింథీ పత్రిక 14:26 చూపించాను. కూడి వచ్చినప్పుడు ఒకరు కీర్తన, ఒకరు బోధ తెస్తారని అక్కడుంది. ఆయన భయమంతా గందరగోళం గురించే. అదే అధ్యాయం 40వ వచనం అన్నీ మర్యాదగా, క్రమంగా జరగాలంటుంది కదండీ అన్నాను. నవ్వి ఒప్పుకున్నారు.

136వ కీర్తనతో మొదలుపెట్టాం. 26 వచనాలు, ప్రతిదాని చివరా దేవుని కృప నిరంతరమనే మాటే. మొదటి భాగం ఒకరు చదివితే ఆ పల్లవి అందరూ అంటారు. చదువురాని మా పెద్దమ్మకు మూడో వచనానికే నోటికి వచ్చేసింది. ఇప్పుడు అందరికన్నా పెద్ద గొంతు ఆవిడదే! హైటెక్ సిటీ నుంచి మెట్రోలో ఆలస్యంగా చేరే కుర్రాళ్లూ మధ్యలో కలిసిపోతున్నారు.

వరసగా ఒక్కొక్కరూ ప్రార్థించాలన్న సలహా మాత్రం తీసుకోలేదు. వంతు దగ్గరపడుతుంటే బిడియస్థులకు ప్రార్థన మీద కాక గడియారం మీదే ధ్యాస ఉంటుంది.

సాక్ష్యాల సంగతే, అంటే దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ చెప్పుకోవడం, ఇంకా తేలలేదు. ఒక బాబాయి గారు మొదలుపెడితే వంటలన్నీ చల్లారాల్సిందే. ప్రార్థన విన్నపాలు రాసుకునే పని ఆయనకు అప్పగిద్దామని అత్తయ్య అంటోంది. వచ్చే శుక్రవారం అదే చేస్తున్నాం.