జాంబీలు వచ్చిన నలభయ్యో రోజున నల్లాలో నీళ్లు వస్తాయా?

రాతగాడు:

హైదరాబాద్ నేపథ్యంగా ఒక జాంబీ నవల రాస్తున్నాను. ఊరంతా పోగా ఆరుగురు మిగులుతారు: ఒక క్యాబ్ డ్రైవర్, అతని తల్లి, నిండు గర్భిణి ఒకామె, ఇంటర్ చదివే అమ్మాయి, బ్యాంకు క్యాషియర్, ఒక వాచ్‌మన్. గచ్చిబౌలిలో ఒక టవర్ పద్నాలుగో అంతస్తులో తలదాచుకుంటారు. మెట్లకు అడ్డంగా సోఫాలు, ఫ్రిజ్‌లు పేర్చారు కాబట్టి శవాలు పైకి రాలేవు. మేడ మీద సోలార్ పలకలున్నాయి, కరెంటుకు లోటు లేదు. బోరుంది, నీళ్లకూ లోటు లేదు. నా జాంబీలకు చూపు మందం గానీ చెవులు మాత్రం పాము చెవులు.

చదివిన మిత్రుడొకడు "వీళ్లు చావు తప్పించుకున్నట్టు లేదు, వేసవి సెలవులకు వచ్చినట్టుంది" అన్నాడు. వీళ్లను గోల్కొండ కోటకు తరలిస్తే కథ రక్తి కడుతుందా? కరెంటు, నీళ్లు, తిండి గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

పాత సబ్‌స్టేషన్:

ఉద్యోగమంతా విద్యుత్ శాఖలోనే చేసి రిటైరైనవాణ్ణి. మీ మిత్రుడి నోట్లో చక్కెర పోయాలి.

ముందు ఆ సోలార్ పలకల సంగతి తేల్చేద్దాం. అపార్ట్‌మెంట్ల మీద ఉండేవి చాలావరకు గ్రిడ్‌కు, అంటే ఊళ్లన్నిటినీ కలిపే కరెంటు లైన్లకు, కలిపిన పలకలు. లైన్లో కరెంటు పోగానే వాటి ఇన్వర్టర్ కూడా దానంతటదే ఆగిపోతుంది. ఆగాలి కూడా. ఆగకపోతే, సరఫరా లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ఎవరి మేడ మీది కరెంటుకో బలైపోతాడు. కాబట్టి మిట్టమధ్యాహ్నం, పైన పలకలు పెనంలా కాలుతుంటే, కింద మీ ఆరుగురూ కదలని లిఫ్టు ముందు నిలబడి ఉంటారు. ఆ దృశ్యం రాయండి, సెలవుల వాసన పోతుంది.

లైన్లో కరెంటు ఎన్నాళ్లుంటుందంటారా, నలభై రోజుల మాట మరిచిపోండి. ఉత్పత్తీ వాడకమూ క్షణక్షణం సరితూగాలి. తూగుతున్నాయో లేదో ఫ్రీక్వెన్సీ చెబుతుంది, అది 50 హెర్ట్జ్ దగ్గర నిలవాలి. ఫ్యాక్టరీలు ఆగి ఊళ్లు ఖాళీ అయితే లోడు పడిపోతుంది, ఫ్రీక్వెన్సీ ఎగబాకుతుంది, కరెంటు పుట్టించే యూనిట్లు ట్రిప్పయి ఆగిపోతాయి. బొగ్గు యూనిట్ ఒకసారి ఆగితే దాన్ని మళ్లీ లేపడానికే బయటి నుంచి కరెంటు కావాలి. శ్రీశైలం లాంటి జల విద్యుత్ కేంద్రం చిన్న డీజిల్ జనరేటర్ ఆసరాతో లేవగలదు, కానీ లేపే మనుషులుండాలి కదా. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకట్లో మునిగినప్పుడు మనకు ఏమీ కాలేదు, ఎందుకంటే దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలవలేదు. 2013 డిసెంబర్ 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైనుతో కలిసింది. కాబట్టి మీ కథలో రోగం ఢిల్లీలో పుట్టినా, జాంబీ హైదరాబాద్ పొలిమేర తొక్కకముందే చీకటి తొక్కవచ్చు.

ఇక నీళ్లు. అక్కడి బోర్లు వందల అడుగుల లోతు, కరెంటు లేకపోతే లోపలి మోటారు వట్టి ఇనుప ముద్ద. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి నూరు కిలోమీటర్లకు పైగా, దారి పొడవునా పంపులతో ఎత్తి పోస్తే వస్తున్నాయి. ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీళ్లదీ అదే కథ. ఎవరూ ఎత్తకుండా తమంతట తాము పల్లానికి పారి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ల దాకా వచ్చేవి గండిపేట నీళ్లు. 1920 నాటి చెరువు అది. గొట్టం ఎక్కడా పగలనంత కాలం పాతబస్తీ వైపు ఏదో ఒక కుళాయి కారుతూనే ఉంటుంది, శుద్ధి మాత్రం ఉండదు. మీ టవర్‌లో అదీ రాదు. మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లనుకున్నా ఆరుగురికి పాతిక, ముప్పై లీటర్లు. పద్నాలుగు అంతస్తులు ఎవరు మోస్తారు? వాచ్‌మన్ చేతే మోయిస్తారని నా అనుమానం. మొదటి గొడవ అక్కడే పుట్టాలి.

గోల్కొండ బ్రహ్మాండమైన చోటే, కానీ ఆరుగురికి కాదు. కిలోమీటర్ల పొడవున్న బయటి గోడను ఎవరు కాస్తారు? కొండ కొసనున్న బాలా హిస్సార్ దాకా ఆ రోజుల్లో నీళ్లను పర్షియన్ చక్రాలతో ఎక్కించేవారు. ఇప్పుడు చక్రాలూ లేవు, తిప్పే జనమూ లేరు. అయినా పట్టుబడితే ఒక్క సన్నివేశానికి వాడుకోండి. కోట ద్వారం కమాను కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది, పర్యాటకులందరూ కొట్టి చూసేదే. మీ జాంబీలవి పాము చెవులు. కింద కాపలా ఉన్నవాడు పైవాళ్లను హెచ్చరించాలంటే చప్పట్లు కొట్టాలి, కొడితే శవాలన్నీ వాడి మీదికే వస్తాయి. ఆ రాత్రి కాపలా ఎవరిదో మీరే తేల్చుకోండి. మరో సంగతి: 1687లో ఎనిమిది నెలలు ముట్టడించినా ఔరంగజేబు సైన్యానికి ఈ కోట లొంగలేదు. లంచం తిన్న సర్దారొకడు లోపలి నుంచి తలుపు తీస్తేనే లొంగింది. మీ దగ్గర క్యాషియర్ ఉన్నాడు కదా, చూడండి.

నన్నడిగితే వాళ్లను ఊరి చివర డాబా ఇంటికి చేర్చండి. పక్కన చేతి బోరింగు, పొలంలో గ్రిడ్‌తో సంబంధం లేని సోలార్ పంపుసెట్టు ఉంటే చాలు. అది ఎండ ఉన్నంతసేపూ నీళ్లు పోస్తుంది.

గాదెకింద:

నీళ్ల గురించి అంత చెప్పిన సబ్‌స్టేషన్ గారు తిండి మాట ఎత్తలేదు. మగవాళ్ల కథల్లో అన్నం ఎప్పుడూ దానంతటదే ఉడుకుతుంది.

క్యాషియర్ సూపర్ మార్కెట్ నుంచి సన్నబియ్యం బస్తాలు ఎత్తుకొస్తాడు కాబోలు. వానాకాలం రానివ్వండి, పురుగు పడుతుంది. దాచుకోవలసింది వడ్లు. పొట్టు ఉన్నంత కాలం గింజకు రక్ష. అయితే మిల్లు ఆడదు కాబట్టి దంచుకోవాలి, రోకటి పోటు వీధి చివరికి వినిపిస్తుంది. పాము చెవుల జాంబీలున్నచోట దంపుడు బియ్యం తినడం కుదరదు. అందుకని జొన్నలు వెతకమనండి. తిరగలి చప్పుడు గది దాటదు, కింద గోనె పరిస్తే ఇంకా తగ్గుతుంది. కందులకు ఆముదం పట్టించి ఎండబెడితే పుచ్చవు. ఆ పని క్యాబ్ డ్రైవర్ తల్లికి వచ్చి ఉంటుంది. ఆవిడను మూల కూర్చోబెట్టి ఏడిపించకండి, కొత్త రచయితలందరూ ముసలివాళ్లను అందుకే వాడతారు.

మా పుట్టింట్లో జొన్న పాతర ఉండేది, అంటే నేలలో తవ్వి గింజలు దాచే గొయ్యి. తీసే రోజున మా తాత పిల్లలెవరినీ దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. మూత మీది మట్టి గోకి, బండ జరిపి, చాలాసేపు గాలి తగలనిచ్చి, లాంతరును తాడుకు కట్టి మెల్లగా దించేవాడు. దీపం కొండెక్కితే ఇంకా ఆగాల్సిందే. లోపల ఊపిరాడని గాలి నిండి ఉంటుంది, తొందరపడి దిగినవాడు కేకైనా వేయకుండా గింజల మీదే ఒరిగిపోతాడు. మీవాళ్లు ఆకలి మీద పాడుబడ్డ ఇంటి పాతర తెరిచారనుకోండి, ఒకరిని చంపడానికి జాంబీ అక్కర్లేదు.

రాత్రిడ్యూటీ:

నర్సుగా ఒక్క మాట. కరిచిన నిమిషంలో మనిషి జాంబీ కావడం నాకెప్పుడూ నచ్చదు. రేబిస్‌ను చూడండి. వైరస్ నరాల వెంట మెదడుకు పాకాలి, లక్షణాలు కనబడటానికి చాలావరకు వారాలు, నెలలు పడుతుంది. కనబడ్డాక నీళ్లంటేనే భయం, బతకడం దాదాపు అసాధ్యం. కాటును వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడగమంటాం. మీ ఇంటర్ అమ్మాయిని కరిచిందనుకోండి, తాగడానికే చాలని ఆ నీళ్లను పావుగంటపాటు ధారపోస్తారా? అందరూ ఒప్పుకుంటారా? ఒప్పుకున్నా ఆ తరువాత నెలల తరబడి ఆ అమ్మాయి నీళ్లు తాగుతున్నప్పుడల్లా ఐదుగురూ ఓరగా చూస్తూనే ఉంటారు.

ఊరి చివర ఇల్లంటే కట్లపాము కూడా ఉంటుంది, నేల మీద పడుకోనివ్వకండి. పాము విషానికి మందు వెతికితే పొడి రూపంలో ఉన్న సీసాలు తీసుకోమనండి. ద్రవరూపంలోది ఫ్రిజ్ లేకపోతే పాడవుతుంది, రేబిస్ టీకాకూ ఫ్రిజ్ కావాలి. విరేచనాలకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. గర్భిణిని మాత్రం ఏ సినిమాలో లాగానో అరిపించకండి. అరవకుండా కన్నవాళ్లను చాలామందినే చూశాను.

నల్లబల్ల:

ఉప్పు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. జాంబీ పుట్టినిల్లు హైతీ. ఫ్రెంచివాళ్ల చెరకు తోటల్లో చాకిరీ చేసిన ఆఫ్రికా బానిసల భయం అది. చావుతోనైనా విముక్తి దొరుకుతుందనుకుంటే, చచ్చాక కూడా లేపి పనిలో పెడితే? 1804లో హైతీ స్వతంత్రమైనా ఆ భయం కథల్లో మిగిలింది. 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం అక్కడ తిష్ఠ వేసినప్పుడు ఆ కథలు అమెరికాకు పాకాయి. మనుషులను పీక్కుతినడం తరువాత అతికించినది. అసలు జాంబీ ఎవరినీ కొరకదు, చెప్పిన పని చేస్తుంది. దానికి ఉప్పు తినిపిస్తే మాత్రం తాను చచ్చానన్న సంగతి తెలిసి సమాధి వెతుక్కుంటూ పోతుందని అక్కడి నమ్మకం. మీ నవలలో ఎవరైనా ప్రయత్నించి చూడకూడదా?

రాతగాడు:

అందరికీ నమస్కారాలు. టవర్ నుంచి దించేస్తున్నాను, పాతర ఉంచుకుంటున్నాను. సబ్‌స్టేషన్ గారూ, ఒక్క సందేహం. చేతి బోరింగు కొడితే కిర్రుమంటుంది కదా, నా జాంబీలు ఊరుకుంటాయా?

పాత సబ్‌స్టేషన్:

ఊరుకోవు. అందుకే బోరింగు తలకాయ ముందున్న మూత బోల్టు విప్పించండి. లోపల కడ్డీని పట్టుకుని సైకిల్ చైను లాంటిది ఉంటుంది. దానికి గ్రీజు పట్టించి మూత వేస్తే అరుపు చాలావరకు పోతుంది. గ్రీజుకు కరువేమీ లేదు, రోడ్డు మీద వదిలేసిన లారీలన్నీ మీవే. మిగిలేది బిందెలో పడే ధార చప్పుడు. మూతికి తడిగుడ్డ కట్టి కొసను బిందె అడుగుకు తాకిస్తే నీళ్లు దాని వెంట జారతాయి. ఒకరు కొట్టాలి, ఒకరు గుడ్డ పట్టుకోవాలి, ఇంకొకరు రోడ్డు చూడాలి. అంటే నీళ్లకు వెళ్లినప్పుడల్లా సగం మంది బయటే.

నల్లబల్ల గారి ఉప్పు ఆలోచన బాగానే ఉంది గానీ, చినగంజాం, నౌపడ నుంచి లారీ రాని రోజుల్లో ఉన్న ఉప్పు శవాలకు పెట్టేస్తే ఊరగాయ ఎలా పెడతారు? గాదెకింద గారు ఒప్పుకోరు.

ఇంతకూ మీ కథ ఏ నెలలో మొదలవుతుంది? జూలై తరువాతైతే, ఆ ఊరు కృష్ణ ఒడ్డున మాత్రం పెట్టకండి. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. 2009 అక్టోబర్‌లో సిబ్బంది అంతా ఉండి, గేట్లు ఎత్తినా నీళ్లు ఆ మట్టం దాటి పైకి పోయాయి, ఎగువన కర్నూలు మునిగింది. గేటు ఎత్తే మనిషే లేని ఏడు ఎలా ఉంటుందో నెల చెబితే లెక్క వేసి పెడతాను.