అప్‌డేట్: ఆ ఒక్క ఏడాది మాస్టర్స్ కోర్సు చేసేశా, ఏమైందంటే

పోయినేడాది అడిగాను కదా, డిగ్రీ జీపీఏ నాలుక్కి 3.2, ఎమ్‌క్యాట్ (మెడికల్ ఎంట్రన్స్) 511, ఇక్కడ అమెరికాలో మెడికల్ స్కూల్‌కి ముందు స్పెషల్ మాస్టర్స్ (మెడిసిన్ సీటు కోసం మార్కుల బలం చూపించుకునే కోర్సు) చేస్తే లాభముందా అని. చేశా, డీఓ స్కూల్లో (ఆస్టియోపతిక్ మెడిసిన్, ఇదీ డాక్టర్ డిగ్రీయే) సీటొచ్చింది! ఎండీ (ఇక్కడ మామూలు డాక్టర్ డిగ్రీ) స్కూళ్లలో ఒక్కరే ఇంటర్వ్యూకి పిలిచారు, వెయిట్‌లిస్ట్‌లో పెట్టారు.

మీలో ఒకరు చెప్పింది నిజమే అండి, అప్లికేషన్‌లో మాస్టర్స్ మార్కులు గ్రాడ్యుయేట్ లైన్‌లో విడిగా పడతాయి, పాత 3.2 అలాగే కూర్చుంది, అది పెరగాలంటే పోస్ట్‌బ్యాక్ కోర్సులే (డిగ్రీ అయ్యాక మళ్లీ డిగ్రీ స్థాయిలో చదివేవి) చేయాలి. కాకపోతే ఫస్టియర్ మెడికోలతో కలిసి ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ పరీక్షలు రాసి 3.8 తెచ్చుకున్నా కదా, ఇంటర్వ్యూల్లో అంతా దాని గురించే అడిగారు. మా బ్యాచ్‌లో ఈ మాస్టర్స్‌లో కూడా బి, సి గ్రేడ్లు వచ్చినోళ్ల పరిస్థితి మాత్రం ముందుకన్నా ఘోరం. లోన్ సంగతి అడక్కండి, నాన్న గుంటూరులో ఎఫ్‌డీ విరగ్గొట్టి కొంత పంపారు.