మోర్మన్ ఇంట్లో పెరిగి మిషన్‌కి వెళ్ళిన కుర్రాడి నవల: వివరం ఎక్కడ ఆపాలి?

నీలిసిరా

నవల రెండో చిత్తుప్రతి దగ్గర చిక్కుపడింది. కథానాయకుడు 1979లో యూటా రాష్ట్రం ప్రోవోలో, ఐదుగురు పిల్లలున్న మోర్మన్ (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘం) కుటుంబంలో పుట్టాడు. 1998లో పందొమ్మిదేళ్ళకి మిషన్ పిలుపు అందుకుని జపాన్‌లోని సప్పోరో వెళ్తాడు. రెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగి మతప్రచారం చేసి ఇంటికొస్తాడు.

చిత్తుప్రతి చదివినవాళ్ళు మొదటి అరవై పేజీలూ మతం మీద వ్యాసంలా ఉన్నాయన్నారు. వార్డు (స్థానిక సంఘం), స్టేకు (కొన్ని వార్డుల కూటమి), బిషప్ (వార్డు పెద్ద), దశమభాగం అన్నీ వివరిస్తూ పోయాను. తీసేస్తే తెలుగు పాఠకుడికి అర్థం కాదేమోనని భయం.

ముఖ్యమైన ఘట్టాలు ఇవి: హైస్కూల్ రోజుల్లో తెల్లవారుజామున ఐదున్నరకి సెమినరీ (సంఘం నడిపే మతపాఠాల) క్లాసుకి పరుగులు, సప్పోరో నుంచి వారం వారం తల్లికి ఫోన్, తోటి మిషనరీతో గొడవపడి రాత్రంతా ఒంటరిగా మంచులో తిరగడం, చివర్లో ఒక్క రాత్రిలో నమ్మకం పోగొట్టుకోవడం. ఇవి నిలబడతాయా?

పాతసంచిక

నీలిసిరా గారూ, నాలుగింట్లో రెండు వాస్తవానికే నిలబడవు. ఈ సంఘంలో నియమాలు ఏళ్ళ వెంట మారుతూ వచ్చాయి కాబట్టి ప్రతి ఘట్టాన్నీ ముందు సంవత్సరంతో సరిచూసుకోవాలి.

ఫోన్ సంగతి. మిషనరీలు ఇంటికి వారానికోసారి ఫోన్ చేసుకోవచ్చన్న అనుమతి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. 1998లో ఏడాదికి రెండే ఫోన్లు: క్రిస్మస్‌కి ఒకటి, మదర్స్ డేకి ఒకటి. మిగతాదంతా ఉత్తరాలే. ఇది మీకు నష్టం కాదు. ఏడాది మొత్తానికి రెండు సంభాషణలే ఉన్నప్పుడు వాటిలో చెప్పకుండా మింగేసిన మాటకి బరువొస్తుంది.

సెమినరీ సంగతి. తెల్లవారుజామున క్లాసులు యూటా బయట, మోర్మన్లు పలచగా ఉన్న చోట్ల. ప్రోవో లాంటి ఊళ్ళో హైస్కూల్ పక్కనే సంఘం కట్టిన సెమినరీ భవనం ఉంటుంది. పిల్లలు బడి వేళల్లోనే ఒక పీరియడ్ ఖాళీ పెట్టించుకుని రోడ్డు దాటి వెళ్ళొస్తారు. మీ కుర్రాడికి మతం నిద్ర చెడగొట్టుకుని చేసే పని కాదు, లెక్కల క్లాసుకీ భోజనానికీ మధ్య ఉన్న పీరియడ్. ఆ తేడా అతని స్వభావాన్నే మారుస్తుంది.

ఇంకొన్ని సరిచూసుకోండి. ఆదివారం కూడికలు 1980 నుంచి 2018 చివరిదాకా మూడు గంటలు, 2019 నుంచి రెండు. మగపిల్లల మిషన్ వయసు పందొమ్మిది నుంచి పద్దెనిమిదికి తగ్గింది 2012 అక్టోబరులో, కాబట్టి మీది సరైనదే. పిలుపు ఆ రోజుల్లో తెల్లటి పెద్ద కవరులో పోస్టులో వచ్చేది. దాన్ని ఇంటిల్లిపాదీ, చుట్టాలూ చుట్టూ చేరాక విప్పేవారు. ఆనాటి ప్రవక్త, అంటే సంఘాధినేత, గోర్డన్ బి. హింక్లీ. ఖర్చు కుటుంబానిదే. 1990 చివరిదాకా పంపిన దేశాన్ని బట్టి ఖర్చు మారేది, జపాన్ అంటే తల్లిదండ్రులకి గుండె గుభేలుమనేది. 1991 నుంచి ఎక్కడికెళ్ళినా నెలకి ఒకే మొత్తం. మీ కథలో అన్నయ్య 1980ల చివర్లో ఖరీదైన దేశానికి వెళ్ళినట్టు పెడితే, ఆ అప్పు జ్ఞాపకం ఇంట్లో ఇంకా ఉండొచ్చు.

అరవై పేజీల వ్యాసం గురించి. వివరణ మొత్తం తీసేసి ఒక్క పద్ధతిని దగ్గర నుంచి చూపించండి. నన్నడిగితే ఎనిమిదేళ్ళప్పటి బాప్తిస్మం. తెల్లబట్టల్లో తండ్రీ కొడుకూ నడుం లోతు నీళ్ళలో ఉంటారు. తండ్రి కుడి చెయ్యి మోచేతి దగ్గర మడిచి పైకెత్తి, నిర్ణీతమైన ప్రార్థన అక్షరం పొల్లుపోకుండా చెప్పి పిల్లాణ్ణి వెనక్కి వంచి ముంచుతాడు. ఇద్దరు సాక్షులు గట్టునుంచి చూస్తుంటారు. (1987లో కదా, యాజకత్వం (కర్మలు జరిపించే అధికారం) ఉన్న మగవాళ్ళే సాక్షులు. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆ అవకాశం 2019 అక్టోబరులో వచ్చింది.) కాలి బొటనవేలు పైకి తేలినా, జుట్టు కొస మునగకపోయినా సాక్షి తల అడ్డంగా ఊపుతాడు. మళ్ళీ మొదటినుంచి.

పదహారేళ్ళకి ఆ పిల్లాడే ఆదివారం రొట్టె తుంచి బల్ల దగ్గర మోకరించి ప్రార్థన చదువుతాడు. అదీ మాట తప్పకూడదు. ఒక్క పదం జారితే బిషప్ కనుసైగ చేస్తాడు, కుర్రాడు అంతమంది ముందూ మళ్ళీ మొదలుపెడతాడు. ఈ రెండు ఘట్టాలూ రాస్తే యాజకత్వం గురించి, సంఘ నిర్మాణం గురించి ఇరవై పేజీలు మిగులుతాయి. పైగా సప్పోరోలో జపనీస్ పాఠాలు కంఠతా అప్పజెప్పే కుర్రాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో పాఠకుడికి ముందే తెలిసిపోతుంది.

రెండోచిత్తు

మిషన్ భాగం గురించి నేను రాస్తాను. రాత్రంతా ఒంటరిగా తిరిగే ఘట్టం అంత తేలిగ్గా జరిగేది కాదు. మిషనరీ ఎప్పుడూ జంటలోనే ఉంటాడు. ఆ తోటివాణ్ణి కంపానియన్ అంటారు. ఒకరికొకరు కనబడేంత, వినబడేంత దూరంలో ఉండాలి. ఒకే గదిలో నిద్ర, వేరువేరు పడకలు. ఒంటరిగా ఉండేది స్నానాల గదిలోనే. కాబట్టి మీవాడు తలుపు తీసుకుని బయటికెళ్తే అది కోపంతో కాసేపు తిరిగి రావడం కాదు, నవలలోకెల్లా పెద్ద అతిక్రమణ. మిగిలినవాడు ఏం చేస్తాడన్నదే అసలు కథ. వెంటపడతాడా? డిస్ట్రిక్ట్ లీడర్‌కి (దగ్గర్లోని కొన్ని జంటల్ని చూసుకునే మిషనరీకి) ఫోన్ చేస్తాడా? ఎవరికీ చెప్పకుండా కిటికీ దగ్గర కూచుంటాడా? ఆ మూడో పని చేస్తే ఇద్దరి మధ్యా ఒక రహస్యం పుడుతుంది. నేనైతే అదే రాస్తాను.

ఈ బంధాన్ని స్నేహం అనుకుని రాస్తే తేలిపోతుంది, పెళ్ళి అనుకున్నా తేలిపోతుంది. ఎవరితో ఉండాలో ఎంచుకునేది మిషన్ అధ్యక్షుడు, ఆ ప్రాంతపు మిషనరీలందరికీ పెద్ద. ఎప్పుడు విడదీస్తాడో తెలియదు. బదిలీలు సాధారణంగా ఆరు వారాలకోసారి వస్తాయి. రెండేళ్ళంటే దాదాపు పదిహేడు బదిలీ కాలాలు. చాలామంది చేసే తప్పు, పదిహేడు అధ్యాయాలు వేసి ఒక్కో కంపానియన్‌కి ఒక్కోటి పంచడం. అలా చెయ్యకండి. ముగ్గుర్ని ఎంచుకోండి: భాష రాని రోజుల్లో చెయ్యి పట్టి నడిపించిన ట్రైనర్, అస్సలు పడనివాడు, చివర్లో మీవాడే నేర్పించాల్సి వచ్చిన కొత్త కుర్రాడు. మిగతావాళ్ళు ఒక్కో వాక్యంలో వెళ్ళిపోవచ్చు.

పేర్ల సంగతి బాగా వాడుకోండి. రెండేళ్ళు అతన్ని ఎవరూ మొదటి పేరుతో పిలవరు. నల్లటి పేరుపట్టీ మీద ఇంటిపేరే, కంపానియన్ పిలుపులోనూ ఇంటిపేరే. మొదటి పేరు కనబడేది తల్లి ఉత్తరంలో మాత్రమే.

ఉత్తరాలు రాసేది వారానికోసారి వచ్చే పి-డే (ప్రిపరేషన్ డే, సొంత పనుల రోజు) నాడు. బట్టలుతుక్కోవడం, సరుకులు, జుట్టు కత్తిరింపు, ఉత్తరాలు, సాయంత్రానికి మళ్ళీ పనిలోకి. ఆ రోజే మిషన్ అధ్యక్షుడికీ వారం ఉత్తరం రాయాలి. అంటే ఒకే బల్ల దగ్గర, ఒకే గంటలో, ఒకే వారం గురించి తల్లికి ఒక ఉత్తరం, అధ్యక్షుడికి ఒకటి, డైరీలో మూడో మాట. అవే సంఘటనలు మూడుసార్లు రాసి చూడండి. ఎక్కడ మాట మారిందో అక్కడ పాత్ర దొరుకుతుంది. ఇది కాగితం మీద చేసి తీరాల్సిన కసరత్తు. నవలలోకి ఒక్కటే తీసుకున్నా చాలు.

ఇక టీ ఘట్టం మీ చిత్తుప్రతిలో లేకపోతే తప్పకుండా పెట్టండి. వీళ్ళ ఆరోగ్య నియమం 1833 నాటిది. మద్యం, పొగాకు, కాఫీ, టీ కూడదు. పచ్చ టీ కూడా టీయే. ఆరు వారాలు తలుపులు మూసిన ఊళ్ళో ఒక ముసలావిడ లోపలికి రమ్మంటుంది. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, వేళ్ళు కొంకర్లు పోయిన చేతులతో చాప మీద కూచుంటారు. ఆవిడ రెండు చేతులా కప్పు తెచ్చి ముందు పెడుతుంది. ఆవిరి మొహానికి తగులుతుంది. ఇప్పుడు కాదనాలి, అదీ నాలుగు నెలల జపనీస్‌తో. బార్లీ టీ అయితే తాగొచ్చు, మిషనరీలకి అది అలవాటే. కానీ "అది ఉందా?" అని అడగడం ఆ ఇంట్లో ఇంకో మొరటుతనం. ట్రైనర్ మాట్లాడకుండా కొత్తవాడి వైపు చూస్తాడు. నియమం ఏమిటో ఒక్క వాక్యం వివరించక్కర్లేదు.

అధ్యక్షుణ్ణి దుర్మార్గుణ్ణి చెయ్యకండి, దయచేసి. ఉద్యోగం, ఇల్లు వదిలి భార్యతో కలిసి మూడేళ్ళు వచ్చినవాడు. అతను మంచివాడైతేనే మీవాడు అబద్ధం రాసిన ఉత్తరం బాధిస్తుంది.

పదకోశం

మాటల గురించి కొంచెం. తెలుగు క్రైస్తవ పరిభాష మనకి సిద్ధంగా ఉంది కానీ అందులో కొన్ని మాటలు పాఠకుణ్ణి దారి తప్పిస్తాయి. మగ మిషనరీని పిలిచే ఎల్డర్ అన్న మాటని "సంఘ పెద్ద" అంటే తల నెరిసిన మనిషి కళ్ళముందుకొస్తాడు. మీ ఎల్డర్‌కి గడ్డం సరిగా రాలేదు. ఎల్డర్ అనే ఉంచండి. జపనీస్‌లో వాళ్ళని చోరో అంటారు. అది పేజీ మీద తెలుగు చెవికి చోరుడిలా వినబడుతుంది కాబట్టి ఒక్కసారి చెప్పి వదిలెయ్యండి. బిషప్‌ని పాస్టరు అనకండి. ఇక్కడి బిషప్ జీతం లేని మనిషి. వారమంతా పళ్ళ డాక్టరో బీమా ఏజెంటో, ఆదివారం బిషప్, కొన్నేళ్ళకి ఆ బాధ్యత ఇంకొకరికి వెళ్తుంది. బాప్తిస్మం, సాక్ష్యం, ఉపవాసం అనే మాటలు హాయిగా వాడుకోవచ్చు.

ప్రార్థన అనగానే మనం జోడించిన చేతులు ఊహిస్తాం. వీళ్ళ పిల్లలకి నేర్పేది రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, తల వంచి, కళ్ళు మూసుకోవడం. గుడి మీదా మెడలోనూ సిలువ ఉండదు. ప్రార్థనామందిరం వెనక, మడిచే తలుపు అవతల బాస్కెట్‌బాల్ ఆడే హాలు ఉంటుంది. ఈ మూడూ సరిగ్గా పడితే చోటు దానంతటదే నిలబడుతుంది.

మిషనరీల యాసలో రెండు మాటలు ఉంచుకోండి: కొత్తవాడు గ్రీనీ, ఇంటి ధ్యాసలో పడి మనసులో పెట్టె సర్దుకుంటున్నవాడు ట్రంకీ. ట్రంకు పెట్టె మనకీ తెలుసు కాబట్టి రెండోదానికి వివరణ అక్కర్లేదు. తిట్ల దగ్గర జాగ్రత్త. ఈ ఇళ్ళలో కుర్రాళ్ళు ఫ్లిప్, హెక్ లాంటి మెత్తటి మాటలతో సరిపెట్టుకుంటారు. మీవాడి నోట నాటు తిట్టు పెడితే అది కథలో ఒక్కసారే రావాలి.

నీలిసిరా

చాలా చాలా కృతజ్ఞతలు. సెమినరీ, ఫోన్ ఈ రాత్రే తీసేస్తాను. కిటికీ దగ్గర కూచున్న కంపానియన్ నాకు బాగా నచ్చాడు. రెండు ప్రశ్నలు మిగిలాయి. మిషన్‌కి ముందు అతను ఆలయానికి (ఆదివారం కూడికల మందిరం కాదు, ప్రత్యేక కర్మలకి కట్టినది) వెళ్తాడు కదా, ఆ లోపలి కార్యక్రమం రాయాలా? నమ్మకం పోయే రాత్రిని ఏం చెయ్యను?

పాతసంచిక

లోపలికి వెళ్ళినవాళ్ళు అక్కడి కొన్ని విషయాలు బయట చెప్పబోమని మాట ఇచ్చి వస్తారు. మీ కుర్రాడూ ఇచ్చాడు. అతని కంటితో సాగే కథలో అతనే ఆ మాట తప్పితే అది కథలో జరిగిన సంఘటన అయిపోతుంది, మీరు వద్దనుకున్నా. గుమ్మం దగ్గర ఆగండి. తెల్లబట్టల సంచీ, తల్లి మొహం, ఆ రోజునుంచి చొక్కా కింద వేసుకోవాల్సిన కొత్త లోదుస్తులు. వాటి గురించి సంఘమే 2014లో ఒక వీడియో విడుదల చేసింది, రహస్యమేమీ కాదు. సప్పోరో గదిలో ఆరేసిన తీగ మీద అవి కనబడితే చాలు.

ఒక్క రాత్రి మాత్రం తీసెయ్యండి. నెల మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం ఉండి, ఎవరికి తోస్తే వాళ్ళు మైకు దగ్గరికెళ్ళి సాక్ష్యం చెప్తారు. నాలుగేళ్ళ పిల్లల్ని కూడా ఎత్తుకుని తీసుకెళ్తారు. అమ్మ చెవిలో గుసగుసగా ఒక్కో ముక్కా అందిస్తుంది, పిల్లాడు మైకులో అంటాడు: "ఈ సంఘం నిజమని నాకు తెలుసు." ఆ వాక్యంలో క్రియ గమనించండి. "నమ్ముతున్నాను" కాదు, "తెలుసు". నాలుగేళ్ళకి అన్నాడు, పదహారుకి అన్నాడు, సప్పోరోలో జపనీస్‌లో వందలసార్లు అన్నాడు.

ఇంటికొచ్చాక స్టేకు అధ్యక్షుడు అతన్ని మిషన్ నుంచి విడుదల చేస్తాడు, పేరుపట్టీ తీసేస్తాడు. తరవాతి ఆదివారాల్లో ఒకనాడు వార్డు ముందు మాట్లాడమంటారు. అక్కడ మీవాడు అంతా సక్రమంగా చెప్పి, ఆ ఒక్కచోట "నమ్ముతున్నాను" అనాలి. హాల్లో చాలామంది పట్టించుకోరు. మూడో వరసలో తల్లి తలెత్తుతుంది.

రెండోచిత్తు

పాతసంచిక గారి మాటకి ఒక్కటే కలుపుతాను. ఆ విడుదలైన రాత్రి గది రాయడం మర్చిపోకండి. రెండేళ్ళలో మొదటిసారి అతను తలుపు మూసుకుని ఒక్కడే పడుకుంటాడు. పక్క పడక మీద ఎవరూ ఉండరు. పదిన్నర కాగానే అలవాటుగా దీపం ఆర్పడానికి అటు తిరిగి ఇంకొకరి ఇంటిపేరు పిలుస్తాడు.